ఒక్క బిందువు తేడా

కాలువల శాఖ జరిపిన పదోన్నతి పరీక్షలో ఈ ఏడాది కూడా ఒక్క పొరపాటూ దొర్లలేదని ఆ శాఖ ప్రకటించింది. ఫలితాలు రావడానికి రెండు రోజుల ముందే ప్రకటించింది. ముందుచూపు గల శాఖ.

తర్వాత ఫలితాల జాబితా ఆఫీసు గోడకు అంటించారు. అట్టడుగున వాలక్క ఉంది. ముప్ఫై మూడు మార్కులు. గట్టెక్కడానికి ముప్ఫై ఐదు కావాలి.

జాబితాలో ఆమె అసలు పేరే వేశారు గాని, అది చదివి వాలక్కేనని పోల్చుకున్నవాళ్ళు లేరు. పదహారేళ్ళుగా ఆ శాఖలో టెంపరరీ కూలీ. కాలువ తవ్వేముందు దారం కట్టి వాలు చూపించడం ఆమె పని. ఎక్కడ మొదలు, అడుగుకు ఎంత దిగాలి, ఈ రెండు ముక్కలు చెబితే చాలు, మేకు కొట్టి దారం లాగేది. ఆమె దారం లాగిన కాలువల్లో నీళ్ళు పోయేవి. ఆ శాఖలో ఇది అరుదైన విషయం కనుక ఆ పేరు స్థిరపడింది.

పర్మనెంటు కావాలంటే పరీక్ష గట్టెక్కాలి. పరీక్ష రాయాలంటే నలభై ఐదేళ్ళు నిండకూడదు. వాలక్కకు వచ్చే నెలతో నిండుతాయి. కనుక ఇదే ఆఖరుది. పదహారేళ్ళ పని లెక్కలోకి వస్తుందా అని అడిగితే, పని వేరు, అర్హత వేరు, రెంటినీ కలిపితే శాఖ నడవదని చెప్పారు. శాఖ ఇప్పుడు నడుస్తోందని వాళ్ళ ఉద్దేశం.

అర్జీ పెట్టుకుంటే జవాబు పత్రం చూపిస్తారు. వాలక్క పెట్టుకుని చూసింది. ఏడో ప్రశ్న ఇది: (4, 7) బిందువు గుండా పోతూ, వాలు 3 గల సరళరేఖ సమీకరణం రాయండి. నాలుగు మార్కులు.

ఆమె రాసింది: y – 7 = 3(x – 4).

పక్కన ఎర్రసిరాతో సున్న. సున్నను మాత్రం చక్కగా, గుండ్రంగా చుట్టారు. దిద్దినవాడికి ఆ ఒక్క అంకెలో మంచి సాధన ఉన్నట్టుంది.

కీలో ఉన్న జవాబు: y = 3x – 5.

చదువుకున్న పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆమె రాసింది బిందు-వాలు రూపం. కీలో ఉన్నది వాలు-అంతరఖండ రూపం. బ్రాకెట్టు బయటి మూడును లోపలికి పంచితే 3x – 12. ఎడమ పక్కనున్న ఏడు సమాన గుర్తు దాటి కుడి పక్కకు వస్తే కూడిక అవుతుంది. పన్నెండు పోయి ఏడు వస్తే ఇంకా ఐదు తక్కువ. అదే y = 3x – 5. ఒకే రేఖకు రెండు రాతలు. ఇదంతా మీరు బడిలో చేసిందే, మరచిపోయి ఉండరు.

ఆ శాఖలో పేపర్లు దిద్దే పద్ధతి మాత్రం మీకు తెలిసి ఉండదు. లెక్కలు వచ్చినవాళ్ళ చేత దిద్దిస్తే వాళ్ళు ఆలోచిస్తారు. ఆలోచన ఉన్నచోట పక్షపాతం ఉంటుంది. అందుకని లెక్కలు రానివాళ్ళను ఏరి కోరి పిలుస్తారు. ఒక్కొక్కరికి ఒక అట్ట ఇస్తారు. జవాబు ఉండాల్సిన చోట అట్టకు చిన్న కిటికీ కోసి ఉంటుంది. కిటికీ కింద కీ జవాబు అచ్చు వేసి ఉంటుంది. పేపరు మీద అట్ట పరిచి, కిటికీలో కనబడేదీ కింద అచ్చులో ఉన్నదీ ఒకేలా ఉంటే మార్కులు, లేకపోతే సున్న. గంటకు రెండు వందల పేపర్లు అవుతాయి. ఈ వేగాన్ని మెచ్చి శాఖకు ఒక జ్ఞాపిక కూడా వచ్చింది. ఇచ్చింది ఆ శాఖే.

వాలక్క జవాబు కిటికీ కన్నా పొడుగు. బ్రాకెట్టు తెరుచుకున్నంత వరకే కనబడింది. మిగతాది అట్ట కింద ఉండిపోయింది.

పరీక్షల విభాగంలో గుమస్తా తల ఎత్తకుండానే అన్నాడు. "మార్కులు తక్కువయ్యాయా? అందరికీ అయ్యాయమ్మా. వెళ్ళి పని చూసుకో."

"తక్కువ కాలేదు బాబూ, మీరు తక్కువ వేశారు. ఈ రెండూ ఒకటే."

"ఏ రెండూ?"

చూపించింది. అతను రెంటినీ మార్చి మార్చి చూశాడు. "దీన్లో బ్రాకెట్టుంది, దాన్లో లేదు. దీన్లో ఏడుంది, దాన్లో ఐదుంది. ఏడూ ఐదూ ఒకటెట్లా అవుతాయి తల్లీ? మా చంటిదాన్నడిగినా చెప్తుంది."

"బ్రాకెట్టు విప్పితే అవుతాయి."

"విప్పు మరి, చూద్దాం."

ఆమె అర్జీ వెనక్కి తిప్పి రెండు వరుసల్లో విప్పింది. అర నిమిషం పట్టింది. గుమస్తాకు సంతోషమైంది.

"చూశావా, నీకొచ్చు. వచ్చి కూడా హాల్లో రాయలేదంటే అది నీ తప్పు. రాకపోతే కనీసం జాలిపడేవాణ్ణి."

"ఏ రూపంలో రాయాలో ప్రశ్నలో అడగలేదుగా."

"అడగలేదు. అడక్కుండా తెలుసుకోవాలి. దాన్నే పరీక్షంటారు."

వాలక్క భర్త దర్జీ. ముందుగదిలోనే మిషను. మూడేళ్ళుగా చూపు తగ్గుతోంది. పొద్దున్నే నాలుగైదు సూదుల్లో దారం ఎక్కించి, మిషను పక్కన వరసగా గుచ్చిపెట్టి ఆమె పనికి పోతుంది. అవి అయిపోతే ఆ రోజుకు కుట్టు అయిపోయినట్టే. ఇల్లు ఆమె కూలి మీద నడుస్తోందన్న సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు.

"ఆ బ్రాకెట్టేదో అక్కడే విప్పెయ్యకపోయావా?" అన్నాడు దర్జీ. "కుట్టు లాగినట్టు పుటుక్కున అయిపోయేదిగా."

"ఎందుకు విప్పాలయ్యా? చొక్కా మెడ దగ్గర మొదలుపెడతావా, వీధి చివర మొదలుపెడతావా?"

"మెడ దగ్గరే."

"నేనూ మేకు దగ్గరే మొదలుపెడతా. ఇటు నాలుగు, పైకి ఏడు, అక్కడ మేకు. అక్కణ్ణుంచి ఒకటికి మూడు చొప్పున వాలు. ఎక్కడ నిలబడాలో అందులో కనబడుతుంది. వాళ్ళ దాంట్లో ఏముంది? సున్న దగ్గరికి పోతే గీత ఐదు కిందుంటుందని ఉంది. సున్న దగ్గర నాకేం పని?"

మూల కూర్చుని గుండీలు ఏరుతున్న అత్త అందుకుంది. "పనిలో పనికొచ్చేది చెప్పాలి, పరీక్షలో పరీక్షకొచ్చేది రాయాలే పిల్లా. పెళ్ళికి ముందు వీడు నీకన్నీ నిజాలే చెప్పాడా ఏంటి?"

"నన్నెందుకు లాగుతావమ్మా మధ్యలో" అని దర్జీ మిషను తొక్కడంలో పడిపోయాడు.

ఈలోగా ఆ పరీక్షలో తొంభై మార్కులు తెచ్చుకున్న యువకుడొకడు వాలక్క పనిచేసే వీధికి సూపర్‌వైజరుగా వచ్చాడు. ప్రతిభావంతుడు. పదేళ్ళ కీలు కంఠతా పట్టాడు. ప్రశ్నలు మాత్రం చదవలేదు. టైము చాలలేదట.

మొదటి రోజే అతను వాలక్క కొట్టిన మేకు పీకించాడు. రేఖ అంటే y-అంతరఖండం ఉండాలని, అంతరఖండం లేని కాలువను తాను ఆమోదించలేనని చెప్పాడు. సున్న ఎక్కడుందో వెతికించాడు. మ్యాన్‌హోల్ దగ్గర్నుంచి టేపుతో వెనక్కి కొలుచుకుంటూ పోతే, సున్న వచ్చి క్షురకుడి దుకాణంలో కుర్చీ కింద పడింది. కుర్చీలో ఒకాయన సగం గడ్డంతో ఉన్నాడు. ఆయన్ని లేపారు. ఆ వీధి లెక్క పూర్తిగా వేరే అయినా, సూపర్‌వైజరుకు నోటికొచ్చిన అంతరఖండం మైనస్ ఐదు ఒక్కటే. కనుక కుర్చీ కింద ఐదు అడుగుల గొయ్యి తవ్వారు.

"అయ్యా, కాలువ మొదలయ్యేది మ్యాన్‌హోల్ దగ్గర" అంది వాలక్క, మేకు చేత్తో పట్టుకుని.

"బిందువు పట్టుకుని వేళ్ళాడేవాళ్ళు జీవితంలో పైకి రారమ్మా" అన్నాడు సూపర్‌వైజరు. గోతిలోంచి అన్నాడు.

సున్న నుంచి మొదలైన తొలి కాలువ అని శాఖవాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. క్షురకుడికి త్యాగపత్రం ఒకటి ఇచ్చారు. గోడకు తగిలించుకుందామంటే దుకాణంలోకి పోవడానికి దారి లేదు.

ఇక, మార్కులు మళ్ళీ చూడమని ఆమె గుమస్తాకు ఇచ్చి వచ్చిన అర్జీ సంగతి. అర్జీకి తొంభై రోజుల్లో జవాబివ్వాలని, లేదా కమిటీ వేయాలని నిబంధన. జవాబివ్వాలంటే రెండు వరుసల లెక్క చేయాలి. కమిటీ వేయడం తేలిక. ముగ్గురితో వేశారు.

అధ్యక్షుడు వీధిదీపాల శాఖలో నలభై ఏళ్ళు చేసి దిగినవాడు. లెక్కలతో ఆయనకు ఎలాంటి సంబంధమూ లేకపోవడం వల్ల నిష్పక్షపాతంగా ఉంటాడని పెట్టారు. రెండో సభ్యుడు భాషా నిపుణుడు. కాలువ పొంగినప్పుడు 'నీటి సమృద్ధి' అని ప్రకటన రాసేది ఆయనే. మూడో సభ్యుడు శాఖలోని డ్రాఫ్ట్స్‌మన్. పెన్సిల్ ఎవరైనా తీసుకురావాలి కదా అని పెట్టారు.

మొదటి సమావేశంలో సభ్యులు రెండు సమీకరణాలనూ దూరం నుంచీ దగ్గర నుంచీ చూసి, పోలిక లేదని తేల్చారు. అంతటితో అయిపోవలసింది. డ్రాఫ్ట్స్‌మన్‌కు నోరు ఊరుకోలేదు. "గీసి చూద్దామండీ" అన్నాడు.

గ్రాఫ్ కాగితం పరిచి కీ రేఖను ఎర్ర పెన్సిల్‌తో గీశాడు. వాలక్క రేఖను నీలం పెన్సిల్‌తో గీశాడు. అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"రెండో గీత ఏదయ్యా?"

"ఇదేనండి."

"ఇది మొదటిది."

"రెండోది దాని మీదే పడిందండి. రెండూ ఒకటే గీత. రాయడంలోనే తేడా."

కాగితాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూశారు. తిరగేసి చూశారు. అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. ఆయన మాటలు మినిట్స్ పుస్తకంలో ఇలా నమోదయ్యాయి:

"నా సర్వీసులో కాపీ కేసులు అనేకం చూశాను. ఎంత సిగ్గు లేనివాడైనా ఒకటి రెండు చోట్ల మార్చి రాస్తాడు. ఇక్కడ ఒక్క బిందువు కూడా మార్చలేదు. సరళరేఖలో అనంతమైన బిందువులు ఉంటాయని పెద్దలు చెబుతారు. ఆ అనంతాన్నీ కాపీ కొట్టారు. శాఖ కీ ఈమెకు ముందే అందిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?"

"బ్రాకెట్టు వేసింది ముసుగు కోసం" అన్నాడు భాషా నిపుణుడు. "మనం గుర్తుపట్టకూడదని."

డ్రాఫ్ట్స్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, సరైన జవాబు రాసినవాళ్ళందరి గీతలూ ఇలాగే కలుస్తాయండి."

"వాళ్ళెవరూ అర్జీ పెట్టుకోలేదు కదా."

గీత గీయడంతో డ్రాఫ్ట్స్‌మన్ పని పూర్తయింది కనుక ఆయన సేవలను కొనియాడి తిరిగి తన బల్లకు పంపారు. ఆ ఖాళీలో, లెక్కల నిపుణుడిగా, తొంభై మార్కుల సూపర్‌వైజరును వేశారు. గ్రాఫ్ కాగితాన్ని ఎవరూ దిద్దకుండా కవరులో పెట్టి సీలు వేశారు. ఎవరూ చూడకుండా కూడా అయింది.

వాలక్కకు తాఖీదు వచ్చింది. ఆమె రేఖపై ఉండి కీ రేఖపై లేని బిందువు కనీసం ఒక్కటి వారం లోపల చూపినచో, కాపీ ఆరోపణ నుండి విముక్తురాలగుననియు, ఆమె జవాబు యథాప్రకారం తప్పుగానే పరిగణింపబడి టెంపరరీ కూలీగా కొనసాగుననియు, చూపని యెడల విధుల నుండి తొలగింపబడుననియు అందులో ఉంది. చివర 'సహజ న్యాయసూత్రాలకు లోబడి' అని కూడా ఉంది.

విడమరచి చెప్పాలంటే, జవాబు తప్పయితే కూలి ఉంటుంది. ఒప్పయితే అదీ పోతుంది.

కూలీల సంఘం నాయకుడు ఇంటికొచ్చాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు. "చెల్లెమ్మా, సంఘం చాలా గట్టిగా పోరాడింది. వాళ్ళు మూడు బిందువులడిగారు. మేం బల్ల గుద్ది ఒకటికి దించాం."

"లేని తేడా ఎక్కణ్ణుంచి తెచ్చేదన్నా?"

"గీత పొడుగునా బిందువులే కదమ్మా. ఒకటి పోతే ఏమవుతుంది? ఇచ్చెయ్యి."

"ఎక్కడో ఒకచోట గీత విరిగితేనే కదా ఇవ్వడానికి."

"అది సాంకేతిక విషయం. సంఘం అందులో తలదూర్చదు."

పక్క వీధి లెక్కల మాస్టారు వచ్చాడు. కాగితం చూశాడు. తలుపు దగ్గరగా వేసి, ఆమె లెక్క నూటికి నూరుపాళ్ళూ సరైనదని చెప్పాడు. ఆ ముక్క రాసివ్వమంది వాలక్క.

"రాసివ్వడానికేముందమ్మా. మా వీధికి కాలువ మంజూరు కావాలి. వచ్చే ఏడాదికి అయిపోతుంది. అప్పుడు అడుగు."

వారంలో ఆరు రోజులు ఇలా వచ్చిపోయేవాళ్ళతోనే గడిచాయి. ఆమె చెప్పేది అబద్ధమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నిజాన్ని అంత పట్టుకుని కూర్చోవాలా అన్నవాళ్ళే అందరూ. అత్త మాత్రం ఆ మాట అనలేదు. గుండీల డబ్బా మూత పెట్టి, "వీడికి రేపు సూదులెవరెక్కిస్తారో ఆలోచించుకో" అంది. ఒకటే మాట. మిగతా అందరి మాటలకన్నా బరువైంది.

ఏడో రోజు విచారణ. దర్జీ దుకాణం మూసి భార్యతో వచ్చాడు. అతన్ని లోపలికి రానివ్వలేదు. మెట్ల మీద కూర్చున్నాడు.

లోపల పొడవాటి బల్ల. అవతల ముగ్గురు. ఇవతల వాలక్కకు కుర్చీ వేయలేదు. టెంపరరీ.

"బిందువు తెచ్చారా?" అన్నాడు అధ్యక్షుడు.

"తెచ్చానండి."

"చెప్పండి. నెమ్మదిగా చెప్పండి, నమోదు చేయాలి."

"ఒకటి, మైనస్ రెండు."

భాషా నిపుణుడు (1, –2) అని రాసి, బ్రాకెట్టు మూసి, అందంగా ఉందో లేదో చూసుకున్నాడు. అధ్యక్షుడు కాసేపు ఆ అంకెల వైపు చూశాడు.

"మైనస్ అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. మంచి బిందువులకు మైనస్ ఉండదు. నిపుణులు ఏమంటారు?"

సూపర్‌వైజరు కళ్ళు మూసుకుని పదేళ్ళ కీలు మనసులో తిరగేశాడు. "నేను చదివిన ఏ కీలోనూ ఈ బిందువు రాలేదండి. కనుక కీ రేఖ మీద ఉండే అవకాశం లేదు."

"మీ రేఖ మీద ఉందా?" అని వాలక్కను అడిగారు.

"ఉందండి."

"ప్రమాణం చేసి చెబుతారా?"

"చేస్తానండి. నా రేఖ మీద ఉంది."

కీ రేఖ మీద లేదని ప్రమాణం చేయమని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

కమిటీ ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కాపీ జరగలేదు. జవాబు తప్పు. ఉద్యోగి టెంపరరీగా, వయోపరిమితి దాటినందున ఇకపై శాశ్వతంగా టెంపరరీగా, కొనసాగవచ్చు. అధ్యక్షుడు ముగింపుగా మాట్లాడుతూ, తప్పు చేసినవాళ్ళు లోకంలో కోకొల్లలని, ఏ బిందువు దగ్గర తప్పు చేశామో ఇంత కచ్చితంగా చెప్పగలిగే నిజాయితీ మాత్రం అరుదని, యువతరం ఈమెను చూసి నేర్చుకోవాలని అన్నాడు. సూపర్‌వైజరు నేర్చుకుంటానన్నట్టు తల ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాలక్క నిలబడే ఉంది.

బయట దర్జీ మెట్ల మీద నుంచి లేచాడు. "ఉందా కూలి?"

"ఉంది."

"అయితే తేడా ఉందన్నమాటే. నేననుకుంటూనే ఉన్నా, ఏనుగైనా కాలు జారుతుంది. ఎక్కడో ఒకచోట జారి ఉంటావని."

"ఎక్కడా జారలేదు. నేనిచ్చింది వాళ్ళ గీత మీద కూడా ఉన్నదే."

దర్జీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఓసి నీ. వాళ్ళు లెక్క వేసి చూస్తేనో?"

"లెక్క వేసి చూసేవాళ్ళయితే నాకీ మెట్లెక్కే పనే ఉండేది కాదుగా. పద, ఎండెక్కుతోంది."

తీర్పు ప్రతిని గోడకు అంటించారు. శాఖలో మూడు వందల మంది దాన్ని చదివారు. పాపం ఒక్క బిందువు దగ్గర దెబ్బతిందని కొందరు, ఒక్కటైనా తప్పు తప్పేనని కొందరు అనుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదని గుమస్తా అన్నాడు. x ఉన్నచోట ఒకటి పెట్టి చూసినవాడు ఆ మూడు వందల్లో ఒక్కడూ లేడు.

వాళ్ళను చూసి నవ్వుకుంటున్నారు గదా, మీరు పెట్టి చూశారా? మూడు ఒకట్లు మూడు, అందులోంచి ఐదు పోవాలి, అంతే లెక్క. కాగితం కూడా అక్కర్లేదు. మెట్ల మీద ఆమె మొగుడితో ఒక మాట అంది, మీరు నమ్మేశారు. లోపల కమిటీ కూడా ఆమె మాటే నమ్మింది.